మినుము వేరు తలుపు ఎవరికి తీస్తుంది?

మన పెదవేగి అనగానే ఆయిల్‌పామ్ తోటలు గుర్తొస్తాయి. ఏలూరు దాటి డెల్టా వైపు దిగితే వరి మాగాణులు. వరి తర్వాత అదే చేలో మినుమో పెసరో వేస్తారు. వరికి యూరియా బస్తాలు పోస్తాం కదా, మరి మినుముకి అంత అక్కర్లేదెందుకు? ఈ ఎపిసోడ్‌లో అదే చెబుతాను.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. రైజోబియం లాంటి బ్యాక్టీరియాకి ఆ విద్య తెలుసు. చిక్కేంటంటే, మట్టిలో రోగాలు తెచ్చే సూక్ష్మజీవులూ ఉంటాయి. తలుపు ఎవరికి తీయాలో వేరుకెలా తెలుస్తుంది?

ముందు వేరే పిలుస్తుంది. నత్రజని చాలకపోతే ఫ్లేవనాయిడ్లు అనే రసాయనాలు మట్టిలోకి వదులుతుంది. వాటిని గుర్తుపట్టిన బ్యాక్టీరియా జవాబుగా ‘నాడ్ ఫ్యాక్టర్’ అనే అణువుని తయారుచేస్తుంది. దాన్ని పట్టుకునే గ్రాహకాలు వేరు మీదున్న సన్నటి నూగులో ఉంటాయి. తాళానికి తాళంచెవి సరిపోయినట్టు కుదిరితే, ఆ నూగు వంపు తిరిగి బ్యాక్టీరియాని చుట్టేస్తుంది. లోపలికి సన్నటి గొట్టంలాంటి దారి ఏర్పడుతుంది. దారి చివర బుడిపె కడుతుంది. అక్కడ మొక్క తిండి పెడుతుంది, బ్యాక్టీరియా నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది.

అన్ని తాళంచెవులూ ఒకటి కావు. మినుము, పెసర, అలసందకి ఇంచుమించు ఒకే గుంపు బ్యాక్టీరియా సరిపోతుంది. సోయాకీ శనగకీ వేరే రకాలు కావాలి. అందుకే రైజోబియం ప్యాకెట్ కొనేటప్పుడు దానిమీద పంట పేరు చూడండి. అందులో ఉన్నవి ప్రాణమున్నవి, ఎండలో పెడితే చచ్చిపోతాయి. విత్తనానికి పట్టించాక నీడలోనే ఆరబెట్టాలి.

ఇంకో మాట. యూరియా ఎక్కువ పడితే వేరు పిలవడం తగ్గించేస్తుంది, బుడిపెలూ తగ్గుతాయి. డబ్బు పెట్టి ఫ్రీగా వచ్చేదాన్ని ఆపుకున్నట్టే!

పని జరుగుతోందా లేదా అన్నది మీరే చూడొచ్చు. పూత దశలో ఒక మొక్కని మట్టితో సహా మెల్లగా తవ్వి, వేరు కడగండి. గోటితో గీరితే తేలిగ్గా ఊడొచ్చేవి రైజోబియం బుడిపెలు. ఊడిరాకుండా వేరే ఉబ్బినట్టుంటే నులిపురుగులేమో అనుమానించాలి. బుడిపెని కోయండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని తయారవుతున్నట్టు. మన రక్తంలో హిమోగ్లోబిన్‌కి చుట్టంలాంటి లెగ్‌హిమోగ్లోబిన్ వల్లే ఆ రంగు. తెల్లగానో పచ్చగానో ఉంటే, అక్కడ పని ఇంకా మొదలవలేదనో, అయిపోయిందనో అర్థం.

యూరియా బస్తా కోసం బయల్దేరేముందు ఒక్క మొక్క పీకి చూడండి. ఉంటాను!