రేషన్ సంచిలో పప్పు, నూనె: బలం దేన్లో?

ఆరో తరగతికి ఆహార పాఠం చెప్పే రోజు నేను రెండు ప్యాకెట్లు వెంట తీసుకెళ్తాను. రెండూ మా తమిళనాడు రేషన్ దుకాణంలోవే: 30 రూపాయల కిలో కందిపప్పు, 25 రూపాయల లీటరు పామాయిలు. "వీటిలో బలం దేన్లో ఉంది?" అంటే సగం చేతులు నూనె వైపే లేస్తాయి. నూనె బాగా పోస్తేనే పిల్లాడికి ఒళ్లు పడుతుందని ఇంట్లో వింటారు మరి.

అది పూర్తిగా తప్పూ కాదు. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. గ్రాముకు 9 కెలోరీల చొప్పున 8 వేలు దాటుతాయి. కిలో పప్పులో అందులో సగం కూడా ఉండవు. కానీ ఆ పప్పులో 200 గ్రాములకు పైగా మాంసకృత్తులున్నాయి, నూనెలో సున్నా. పీచూ లేదు, ఇనుమూ లేదు. ఒళ్లు రావడం వేరు, కండ పట్టి ఎత్తు పెరగడం వేరు.

నూనె మారిస్తే? పామాయిలైనా, నువ్వులదైనా, కొబ్బరిదైనా కెలోరీలు ఒకటే. తేడా కొవ్వు రకంలో. కొబ్బరినూనెలో పదింట తొమ్మిది వంతులు, పామాయిల్లో దాదాపు సగం, వేరుశనగ నూనెలో ఐదో వంతు దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. గుండెకు ఈ తేడా ముఖ్యమే. 'కొలెస్ట్రాల్ లేదు' అన్న ముద్ర చూసి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టకండి. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనైనా అది లేనట్టే.

తరగతిలో వేరుశనగ గింజను కాగితం మీద నలిపిస్తాను. నూనె మరక పడుతుంది. కందిపప్పు పొడికి పడదు. వేరుశనగ కూడా చిక్కుడు, కందుల కుటుంబంలోదే. గింజలో నాలుగో వంతు మాంసకృత్తులు. గానుగ ఆడించాక నూనె మన వంటింటికి, మాంసకృత్తులున్న చెక్క పశువుల కొట్టానికి! మా ఊళ్లో దూడలు పుష్టిగా ఉండటంలో వింతేముంది?

ఇప్పుడు అసలు లెక్క. కార్డుకు నెలకు కిలో పప్పు. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 8 గ్రాములు, అంటే 2 గ్రాముల మాంసకృత్తులు కూడా రావు. పది, పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 32 గ్రాముల దాకా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అన్నం కొంత ఇస్తుంది గానీ, అందులో లైసిన్ తక్కువ. దాన్ని పూడ్చేది పప్పుధాన్యాలే.

కందిపప్పు ధర భయపెడితే ఉలవలు చూడండి. నూటికి 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు, పైగా కాల్షియం, ఇనుము. సరుకుల చీటీ పట్టుకుని అంగడికి వెళ్లే పిల్లలకు పేరు తెలియాలి: తమిళంలో కొళ్ళు, కన్నడంలో హురళి, ఒడియాలో కొళథ, మరాఠీలో కుళీథ్. మా హోసూరు వైపు చలికాలంలో అనపకాయలు కూడా విరివిగా వస్తాయి. పితికిపప్పు కూర వండని ఇల్లు అప్పుడు అరుదు.

నూనెను మానేయమనడం లేదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి. గుగ్గిళ్ల తాలింపుకు ఒక చెంచా చాలు. ఉలవలు రాత్రే నానబెట్టి, పొద్దున ఉడికించి, కొబ్బరికోరు వేసి డబ్బాలో పెట్టండి. ఉడికిన నీళ్లు పారబోయకండి, ఆ పూటకు చారవుతుంది.