బంక్ వద్దనే ముందు టేపు పట్టుకుందాం

దసరా సెలవులకు ఊరెళ్తే అందరి నోటా ఒకటే టాపిక్. మా ఊరు నార్కట్‌పల్లి దగ్గర, హైదరాబాద్-విజయవాడ హైవే పక్కన ఉంటుంది. స్కూల్ అవతలి ఖాళీ జాగాలో పెట్రోల్ బంక్, దాన్ని ఆనుకుని ఒక ఏసీ స్టోర్ వస్తాయట.

"మంచిదే కదరా, డీజిల్‌కు డబ్బాలు పట్టుకొని పోవుడు తప్పుతది" అన్నాడు పెద్దనాయిన. ట్రాక్టర్ ఆయనదే. కిరాణం నడిపే చిన్నమ్మ ఏం మాట్లాడలేదు. నాయినమ్మ మాత్రం "మరి మన బోరు నీళ్లో?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. అందుకే నేను కూర్చుని చదివాను. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, భాషలో తప్పులుంటే సర్దుకోండి.

బంక్‌లో పెట్రోల్ భూమి లోపలి ట్యాంకుల్లో ఉంటుంది. ట్యాంకర్ వచ్చి నింపుతుంటే లోపలి ఆవిరి వెంట్ పైపు గుండా బయటికి వస్తుంది. ఈ ఆవిరి గాలికన్నా బరువు, కాబట్టి నేలబారుగా పాకుతుంది. అందులో ఉండే బెంజీన్ క్యాన్సర్ కారకం. ఇక ట్యాంకు లీకైతే పైకి ఏమీ కనబడదు. మనది గ్రానైట్ నేల, నీళ్లు రాతి పగుళ్లలో పారతాయి. లీకైన పెట్రోల్ కూడా అదే దారి పట్టొచ్చు. ఫ్లోరైడ్‌తో ఏళ్ల తరబడి బాధపడ్డ నల్లగొండలో నాయినమ్మ భయం ఉత్త భయం కాదు.

మరి రూల్ ఏమంటుంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొత్త బంక్‌కు స్కూల్, పది పడకలు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఆసుపత్రి, నివాస ప్రాంతం 50 మీటర్ల లోపు ఉండకూడదు. వీలు కాకపోతే అదనపు భద్రతా ఏర్పాట్లు చేయాలి, కానీ 30 మీటర్ల కన్నా ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడదు.

ఇక్కడే రెండు మెలికలున్నాయి. కొలత బంక్ ప్రహరీ నుంచి కాదు. ట్యాంకు నింపే చోటు, పెట్రోల్ కొట్టే మెషిన్, వెంట్ పైపు, ఈ మూడింటిలో ఏది దగ్గరైతే దాన్నుంచి కొలవాలి. రెండోది, నివాస ప్రాంతం అంటే స్థానిక చట్టాల ప్రకారం అలా గుర్తించినది. నాలుగు ఇళ్లున్నంత మాత్రాన లెక్కలోకి రాకపోవచ్చు.

నేను, మా తమ్ముడు టేపుతో కొలిచాం. జాగా అంచు నుంచి స్కూల్ గోడకు 38 మీటర్లు. అంటే తప్పు జరిగిందని ఇప్పుడే అనలేం. వెంట్ పైపు రోడ్డు వైపు పెడితే 50 దాటుతుంది, స్కూల్ వైపు పెడితే దాటదు. అంతా సైట్ ప్లాన్‌లోనే ఉంది.

బంక్‌కు పెట్రోలియం రూల్స్, 2002 కింద జిల్లా అధికారి ఎన్‌ఓసీ కావాలి. ఆ దరఖాస్తుతో పాటు సైట్ ప్లాన్ కూడా ఇవ్వాలి. మనం సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దాని కాపీ అడగొచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఎన్‌ఓసీ వచ్చాక, ట్యాంకులు పాతాక అడిగితే లాభం తక్కువ.

చిన్నమ్మ దుకాణానికి మాత్రం ఈ రూల్స్‌లో చోటు లేదు. అవి మంట గురించి, విషం గురించి ఆలోచిస్తాయి, గిరాకీ గురించి కాదు. ఆ మాట ఆమెకు చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

నాయినమ్మకు ఒక్కటే చెప్పాను, గుంత తవ్వకముందే బోరు నీళ్లు టెస్ట్ చేయిద్దామని. మొదటి రీడింగ్ లేకపోతే రేపు తేడా వచ్చిందని ఎలా చూపిస్తాం? అప్లికేషన్ నేను రాశాను, సంతకం పెద్దనాయిన పెట్టాడు. బంక్ కావాలన్నది కూడా ఆయనే.