చాక్లెట్ తిన్న పిల్లాడు మత్తుగా తూగుతున్నాడా..? అది మామూలు చాక్లెట్ కాకపోవచ్చు!

సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లాడు బ్యాగు పక్కన పడేసి మంచమెక్కాడనుకోండి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. ఏం తిన్నావురా అంటే చాక్లెటే అంటాడు. ఎండదెబ్బ తగిలిందేమోనని ఇంట్లోవాళ్లు మజ్జిగ తాగించి ఊరుకుంటారు. సరిగ్గా అక్కడే పొరపాటు జరుగుతుంది. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్.. ఏ ఊరి తల్లిదండ్రులైనా ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. మామూలు చాక్లెట్ పిల్లల్ని మత్తులోకి దించదు.

కొత్తూరులో ఏం జరిగింది?

ఇదే రంగారెడ్డి జిల్లాలోని కొత్తూరులో 2024 జనవరిలో ఈ వ్యవహారం బయటపడింది. ప్రభుత్వ హైస్కూల్ పిల్లలు కొందరు వింతగా ప్రవర్తిస్తుండటంతో టీచర్లకు అనుమానం వచ్చింది. ఆరా తీస్తే బడి దగ్గరి పాన్ డబ్బాలో కొన్న చాక్లెట్లే కారణమని తేలింది. వాటిలో గంజాయి కలిపారు. పోలీసులు రంగంలోకి దిగి సరుకు పట్టుకున్నారు, అమ్మినవాళ్లను అరెస్ట్ చేశారు. మొదట ఊరికే ఇచ్చి, అలవాటయ్యాక డబ్బులు తీసుకున్నారని అప్పట్లో వార్తలొచ్చాయి.

మామూలు చాక్లెట్ ఏం చేస్తుంది?

కోకోలో థియోబ్రోమిన్, కొద్దిగా కెఫీన్ ఉంటాయి. రెండూ ఉత్సాహాన్నిచ్చేవే. రాత్రిపూట ఎక్కువ తింటే నిద్ర పట్టకపోవచ్చు గానీ, తూలిపడేంత మత్తు రాదు. మిల్క్ చాక్లెట్ బరువులో దాదాపు సగం చక్కెరే ఉంటుంది కాబట్టి రోజూ తింటే పళ్లు పుచ్చుతాయి, బరువు పెరుగుతుంది. ఎప్పుడో ఒక ముక్క తింటే భయం లేదు.

గంజాయి చాక్లెట్ ఎందుకంత ప్రమాదం?

గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ. పొగ తాగితే నిమిషాల్లోనే తలకెక్కుతుంది. తింటే అలా కాదు. మత్తు మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటల దాకా పడుతుంది. ఈలోగా ఏమీ కాలేదే అని పిల్లలు ఇంకోటి, ఇంకోటి తినేస్తారు. పైగా కడుపులోకి వెళ్లిన టీహెచ్‌సీని లివర్ మరింత ఘాటైన పదార్థంగా మారుస్తుంది. అందుకే మత్తు గంటల తరబడి వదలదు. పిల్లల ఒళ్లు చిన్నది కాబట్టి కొద్ది మోతాదు కూడా వాళ్లకు ఎక్కువే.

ఈ లక్షణాలు కనిపిస్తే..

- కళ్లు ఎర్రబడటం, నోరు ఎండిపోవడం
- కారణం లేకుండా నవ్వడం, లేదా భయపడిపోవడం
- నడకలో తూలడం, మాట తడబడటం, వాంతులు
- గుండె దడ, లేపినా లేవనంత నిద్ర

ఊపిరి నెమ్మదించినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా ప్రాణాల మీదకు వచ్చినట్టే. రోజుల తరబడి తింటే జ్ఞాపకశక్తి, చదువు మీద ధ్యాస దెబ్బతింటాయి. మానేద్దామంటే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం మొదలవుతాయి.

వెంటనే ఏం చేయాలి?

ముందు 108కి ఫోన్ చేయండి. మత్తులో ఉన్న పిల్లలకు బలవంతంగా వాంతి చేయించొద్దు, మజ్జిగ, నిమ్మరసం పట్టొద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. దీనికి విరుగుడు మందంటూ ప్రత్యేకంగా లేదు. డాక్టర్లు ఊపిరి, గుండె కనిపెట్టుకుంటూ మత్తు దిగేదాకా కాపాడతారు. అందుకే పరువు పోతుందని దాచొద్దు. ఏం తిన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి, రేపర్ దొరికితే వెంట తీసుకెళ్లండి. అది చాలా పనికొస్తుంది.

రేపర్ చూస్తే తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. అసలైన ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబర్, తయారీదారు చిరునామా, తేదీ ఉండాలి. ఆ నంబర్ నిజమైనదో కాదో ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో చూసుకోవచ్చు. ఆయుర్వేద మందు అనో, మునక్కా అనో రాసి ఉన్న ముక్కలు పాన్ డబ్బాలో చాక్లెట్‌లా అమ్ముతుంటే అనుమానించాల్సిందే.

పిల్లలకు మత్తు పదార్థం ఇస్తే జువైనల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. సమాచారం ఇవ్వాలంటే 1908 టోల్‌ఫ్రీ నంబర్ ఉంది. అలవాటు మాన్పించడానికి సలహా కావాలంటే 14446కి ఫోన్ చేయొచ్చు.

చివరిగా ఒక మాట. పిల్లాడు నిజం చెబితే కొట్టొద్దు. ఇవాళ దెబ్బలు తిన్నవాడు రేపు ఏ కొట్లో కొన్నాడో చెప్పడు. ఆ కొట్టు పేరు బయటికొస్తేనే మిగతా పిల్లలూ బతుకుతారు.