పిల్లలకు ఇంటి కథ చెప్పుకుందాం

పిల్లలు సంతోషంగా పెరగాలని కోరుకోని తల్లిదండ్రులు వుండరు. కాలిఫోర్నియాలో హేవార్డ్, సాక్రమెంటో, మొడెస్టో చుట్టుపట్ల స్థిరపడిన మన ఫిజీ తెలుగు కుటుంబాలు ఇందుకోసం పడే తాపత్రయం ఇంతా అంతా కాదు. మంచి బడి దగ్గర ఇల్లు, సాకర్, పియానో, లెక్కల ట్యూషను, వారానికొకసారి భజన, అన్నీ సమకూరుస్తున్నాము. ఇవన్నీ మంచివే. అయితే పైసా ఖర్చులేని పని ఒకటి మన ఇళ్ళలో వెనకబడిపోయింది. అది మన ఇంటి కథ మన పిల్లలకు చెప్పడం. ఈసారి దాన్ని గురించి నాలుగు మాటలు రాయదలచుకున్నాము.

ఇది పెద్దవాళ్ళ చాదస్తమని కొందరికి అనిపించవచ్చు. అట్లాంటా నగరంలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో దీన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారున్నారు. మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2001లో ఈ పని చేశారు. దీనికి మూలం డ్యూక్ గారి భార్య సారా గమనించిన సంగతి. ఆమె కూడా మనస్తత్వ శాస్త్రవేత్తే. చదువులో ఇబ్బందులున్న పిల్లలతో పనిచేస్తూ, తమ కుటుంబం గురించి ఎక్కువ తెలిసిన పిల్లలు కష్టాలను మెరుగ్గా తట్టుకుంటున్నారని ఆమె కనిపెట్టారు. సరే, పరీక్షించి చూద్దామని ఆ ఆచార్యులిద్దరూ ఇరవై ప్రశ్నలు తయారుచేశారు. అన్నిటికీ తెలుసు, తెలియదు అని చెబితే చాలు. అమ్మానాన్నలు ఎలా కలుసుకున్నారు, తాతలూ అమ్మమ్మలూ ఎక్కడ పెరిగారు, నువ్వు పుట్టినప్పటి ముచ్చట ఏమిటి, కుటుంబంలో ఎవరికైనా పెద్ద జబ్బో ఆపదో వచ్చిందా, ఇటువంటివి. కొన్ని కుటుంబాలవారు భోజనాల దగ్గర మాట్లాడుకునే మాటలను కూడా టేపు మీద రికార్డు చేశారు.

ఇంటి సంగతులు ఎక్కువ తెలిసిన పిల్లలకు ఆత్మవిశ్వాసం ఎక్కువగా వుందనీ, తమ జీవితం తమ చేతుల్లోనే వుందన్న ధైర్యం వుందనీ తేలింది. ఇంతలో సెప్టెంబరు 11న న్యూయార్క్, వాషింగ్టన్ దాడులు జరిగాయి. దేశమంతా బెదిరిపోయిన ఆ రోజుల తరువాత అదే పిల్లలను మళ్ళీ పరిశీలిస్తే, ఇంటి కథలు తెలిసినవాళ్ళే నిబ్బరంగా వున్నారు. పరిశీలించినవి కొద్ది కుటుంబాలే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. డ్యూక్ గారే ఒక హెచ్చరిక చేశారు. ఆ ఇరవై ప్రశ్నలకూ జవాబులు బట్టీ పట్టిస్తే ఏ ప్రయోజనమూ వుండదు. జవాబులు తెలియడానికి ముందు ఎవరో కూర్చుని, తీరిగ్గా, పదిసార్లు ఆ కథ చెప్పి వుండాలి. ఆ కూర్చోవడంలోనే వుంది మేలంతా. అలా చెప్పేది ఎక్కువగా అమ్మలూ అమ్మమ్మలూ నాయనమ్మలేనని కూడా వారు గమనించారు. మన ఇళ్ళు చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

చెప్పే తీరు గురించి వారు చెప్పిన మాట మనకు మరీ ముఖ్యం. కుటుంబ కథలు మూడు రకాలట. ఏమీ లేని స్థితి నుంచి పైకొచ్చామని చెప్పేది ఒకటి. ఒకప్పుడు బాగా బతికి చితికిపోయామని చెప్పేది రెండోది. ఎక్కుతూ, పడుతూ, మళ్ళీ లేస్తూ వచ్చాము, ఏం జరిగినా ఒకరినొకరం వదలలేదు అని చెప్పేది మూడోది. పిల్లలకు ఎక్కువ బలాన్నిచ్చేది ఈ మూడోదేనని వారి అభిప్రాయం.

ఇక మన సంగతికి వద్దాము. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు మీదుగా ఫిజీకి ఓడలు నడిచాయి. 1879 నుంచి మొత్తం మీద ఫిజీ చేరిన సుమారు 60,000 మంది గిర్మిట్ కూలీలలో ఇంచుమించు నాలుగోవంతు మంది దక్షిణాది వారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారున్నారు. అయిదేళ్ళ ఒప్పందం. అప్పగించిన పని పూర్తిచేస్తే మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి 9 పెన్నీలు. పాత కూలీ లైన్లలో 10 అడుగులకు 7 అడుగుల గదిలో ముగ్గురు మగవాళ్ళు, లేదా ఒక సంసారం. 1920 జనవరి 1న ఒప్పందాలన్నీ రద్దయ్యాక మనవాళ్ళు కౌలుకు భూమి తీసుకుని చెరకు పండించారు. పిల్లల కోసం బడులు కట్టుకున్నారు. 1987 మే 14న సైనిక తిరుగుబాటు వచ్చింది. 1997 నుంచి భూముల కౌలు గడువులు తీరిపోతూ వచ్చాయి. 2000 మేలో మరొక తిరుగుబాటు. చాలామంది ఇళ్ళకు తాళాలు వేసుకుని ఈ దేశం వచ్చారు. ఎక్కుతూ పడుతూ లేచిన కథ అంటే ఇంతకు మించి ఏముంటుంది?

అయినా మనం చెప్పము. కూలీ అనే మాట పలకడానికి ఎన్నో ఇళ్ళలో సిగ్గు. తాతలు తమ తండ్రుల సంగతి చెప్పలేదు, తండ్రులు అడగలేదు. కొందరయితే ఓడలో ఏదో పెద్ద ఉద్యోగం మీద వచ్చామని కథ అల్లుకున్నారు. దీని ఫలితం ఇప్పుడు పిల్లలు అనుభవిస్తున్నారు. బడిలో టీచరు వంశవృక్షం గీసుకుని రమ్మంటుంది. మన పిల్లవాడు రెండు కొమ్మలు వేసి ఆగిపోతాడు. 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి వంటి తెలుగు తరగతికి పంపితే పక్కన కూర్చున్న పిల్ల మీది ఏ వూరని అడుగుతుంది. ఆ పిల్ల అమ్మమ్మ విజయవాడలో వుంటుంది. మనవాడు నాడి అనో బా అనో చెబితే అది ఎక్కడుందని నవ్వుతారు. ఇంట్లో ఫిజీ హిందీ, దేవుడి దగ్గర తెలుగు, వీధిలో ఇంగ్లీషు. ఇన్నిటి మధ్య తాను ఎవరో ఆ పిల్లవాడికి ఎవరూ చెప్పకపోతే తానే ఏదో ఒకటి వూహించుకుంటాడు. అది మంచి వూహే కావాలని ఏమీ లేదు.

ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అని అడిగేవారున్నారు. మా అభిప్రాయం ఇది. అయిదారేళ్ళ వాడికి ఓడ చాలు, సముద్రం చాలు, ముత్తవ్వ మూటలో ఏమి కట్టుకుని వుంటుందో వూహించమంటే చాలు. తొమ్మిది పదేళ్ళకు ఒప్పందం అంటే ఏమిటో, గిర్మిట్ అన్న మాట ఎగ్రిమెంట్ నుంచి ఎలా పుట్టిందో, రోజుకూలి ఎంతో చెప్పవచ్చు. లెక్కలు వచ్చిన పిల్లలు ఆ షిల్లింగుల సంగతి బాగా పట్టుకుంటారు. లైన్లలో జరిగిన హింస, ఆడవాళ్ళు పడిన అవమానాలు, ఆత్మహత్యలు, ఇవి పెద్దపిల్లలకు, వాళ్ళు అడిగినప్పుడు, అబద్ధం కలపకుండా చెప్పాలి. ఒకేసారి కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తే మాత్రం పిల్లలు లేచి పోతారు, వాళ్ళ తప్పు లేదు.

చెప్పేటప్పుడు మధ్యమధ్య అడగడం కూడా అవసరం. ఫివుష్ గారి పరిశోధనలలో చాలా భాగం దీని మీదనే. నిన్న పార్కుకు వెళ్ళామా అంటే పిల్ల అవునని వూరుకుంటుంది. పార్కులో అన్నిటికంటె నీకు ఏది నచ్చింది, అప్పుడు ఏమయింది, నీకెలా అనిపించింది అని అడిగే తల్లుల పిల్లలకు జ్ఞాపకం మెరుగ్గా వుంటుంది, కథ చెప్పడం బాగా వస్తుంది. అమ్మమ్మ కథకూ ఇదే వర్తిస్తుంది.

ఈ సందర్భంలో దెబ్బల సంగతి కూడా చెప్పక తప్పదు. లైన్లలో కులంబరు చేతిలో, సర్దారు చేతిలో దెబ్బలు తిన్నవారు ఇంటికొచ్చి పిల్లలను కొట్టారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి తమ పిల్లలను కొట్టారు. దెబ్బ లేనిదే బుద్ధి రాదని మనలో ఇప్పటికీ అనేవారున్నారు. బెత్తం ఒక్క మన ఇళ్ళలోనే వుండేదని అనము, ఆంధ్రదేశపు బడుల్లోనూ వుండేది. కాని మన బెత్తం వెనుక తోట యజమాని చెయ్యి కూడా వుందని గుర్తిస్తే దాన్ని వదలడం సులభమవుతుందని మా నమ్మకం. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2018లో పిల్లలను కొట్టవద్దని, అరిచి సిగ్గుపరచవద్దని స్పష్టంగా చెప్పింది. దెబ్బ ఆ క్షణానికి పని జరిపిస్తుంది, తరువాత మొండితనాన్నీ కోపాన్నీ పెంచుతుంది. పిల్లవాడు తప్పు చేసినప్పుడు చేసే మంచి పనిని పొగడటం, హద్దులు ముందే చెప్పి వాటికి కట్టుబడటం నిదానమైన దారి. ఓపిక కావాలి.

ఓపికకు తీరిక కావాలి గదా అంటారు. నిజమే. మన ఆడవాళ్ళలో చాలామంది ముసలివారి సంరక్షణ పనిలో వున్నారు. రాత్రి డ్యూటీలు, రెండేసి ఉద్యోగాలు. అందరూ కలిసి ఒక్క పూట భోజనం చేయడం పండగ రోజునగాని కుదరదు. అటువంటి తల్లికి మరో పని అప్పగించడం మా ఉద్దేశం కాదు. భోజనాల బల్లే కావాలన్న నియమం ఏమీ లేదు. బడికి దింపే పావుగంట కారులో చాలు. తలకు నూనె పెట్టేటప్పుడు చాలు. ఆదివారం చామాకు వేపుడో, కసావా ఉడకబెట్టడమో పిల్లల చేత చేయిస్తూ, ఫిజీలో దీన్ని రౌరౌ అనేవారు, లోలో అంటే కొబ్బరిపాలు, మీ ముత్తవ్వ దీన్నే పులుసు పెట్టేది అంటే అదే కథ. ఇంట్లో నాయనమ్మ వుంటే అంతకంటె అదృష్టం లేదు. ఆమెను టీవీ ముందు, పిల్లలను ఫోను ముందు కూర్చోబెట్టి మనం బయటికి పోవడం మాత్రం బాగుండదు.

ఆటల మాటకొస్తే, ఆరుబయట ఎండలో ఆడించే ఆటలు ఇక్కడ కొదవ లేదు. ఇంట్లో ఆడదగినవి రెండు చెబుతాము. అష్టాచెమ్మాకు నేల మీద సుద్దతో అయిదు అడ్డగళ్ళు, అయిదు నిలువు గళ్ళు గీస్తే చాలు, నాలుగు గవ్వలు కావాలి. గవ్వలన్నీ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు, అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఫిజీ వెళ్ళి వచ్చేవారి సంచిలో గవ్వలు ఎలాగూ వుంటాయి. వామనగుంటలకు పద్నాలుగు గుంటల పీట కావాలి. ఇక్కడ డజను గుడ్లు అమ్మే అట్టపెట్టెలో పన్నెండు గుంటలుంటాయి, రెండు చివరలా రెండు టీకప్పులు పెడితే సరిపోతుంది. గుంటకు నాలుగు గింజలా అయిదా అన్నది వూరిని బట్టి మారుతుంది. ఏది మీ ఇంటి పద్ధతో పెద్దవాళ్ళను అడగండి. ఒక్కొక్క అత్తయ్య ఒక్కొక్కటి చెబుతుంది, ఆ తగాదా పిల్లలకు ఆటకంటె బాగుంటుంది.

కాస్త పెద్దపిల్లలయితే వారి చేత ఇంటి కాగితాలు వెతికించండి. గిర్మిట్ మీద వచ్చిన ప్రతివారికీ ఒక పాస్ వుండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చలు, జిల్లా, తాలూకా, వూరు అందులో రాసేవారు. ఈ పాస్‌లు సువాలో ఫిజీ జాతీయ పత్రాగారంలో వున్నాయి. మారిషస్ నుంచి వచ్చిన కుటుంబాలకు మోకా పట్టణంలోని మహాత్మాగాంధీ సంస్థలో వలస రికార్డులున్నాయి. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసిన పేర్లు అవి. వూరి పేరు గుర్తుపట్టడానికే పటం ముందు వేసుకుని ఒక సాయంత్రం కూర్చోవాలి. ఫిజీలో తండ్రి పేరే ఇంటిపేరైన కుటుంబాలు చాలా వున్నాయి గనుక, తమ ఇంటిపేరు నిజానికి ఒక మనిషి పేరని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. అతని ఎడమ మోకాలి మీద మచ్చ వుందని చదివితే మరి మరచిపోరు. కులం దగ్గర పిల్లలు ప్రశ్నలు వేస్తారు, దాటవేయకండి. ఒకే లైనులో, ఒకే కుళాయి దగ్గర అన్ని కులాలవారూ బతికారని చెప్పండి.

మే 14న గిర్మిట్ దినం వస్తుంది. మొదటి ఓడ లియోనిడాస్ 1879లో ఫిజీ చేరిన రోజది. ఫిజీ ప్రభుత్వం 2023లో మొదటిసారి దీనికి జాతీయ సెలవు ఇచ్చింది. ఆ పాటికి ఒక్కొక్క ఇంటి నుంచి పిల్లలు రాసిన ఒక్కొక్క పేజీ వస్తే ఈ పత్రికలో అచ్చు వేస్తాము. ఏ భాషలో రాసినా ఫరవాలేదు, తెలుగు మేము చేసుకుంటాము. ఎవరిని గురించి రాయాలో తెలియకపోతే ఫిజీలో వున్న పెద్దలకు వీడియో ఫోను చేయించండి. 2016లో శిశువైద్యుల అకాడమీ పద్దెనిమిది నెలలలోపు పసివాళ్ళకు తెరలు వద్దన్నప్పుడు కూడా దూరాన వున్న తాతతో, అమ్మమ్మతో మాట్లాడే వీడియో ఫోనుకు మినహాయింపు ఇచ్చింది. వేసవిలో ఇక్కడ శనివారం సాయంత్రం అయిదు గంటలయితే అక్కడ ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. భోజనాల వేళ, ఇంట్లో అందరూ దొరుకుతారు.