ఇసక దూరకముందే

రాజాం రోడ్డు పక్క షెడ్డులో మేస్త్రీ నా పాత కారు ముందు చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి తీశాడు. వేళ్లనిండా నల్లటి గ్రీజు. "బూటు సిరిగిపోనాది బాబూ. టకటక సప్పుడింకా రాలేదు గదా, ఇసక దూరకముందే మార్చీయాలి" అన్నాడు.

బూటంటే కొలిమి తిత్తిలా మడతలున్న రబ్బరు తొడుగు. దాని కింద దాగి ఉండే జాయింటు కోసం ఇంజినీర్లు తరాల తరబడి తలలు పట్టుకున్నారు.

ముందు చక్రం ఇటూ అటూ తిరగాలి, బండినీ లాగాలి. అంటే షాఫ్టు మధ్యలో వంగుతూనే శక్తిని అందించాలి. వంగే జాయింటు కొత్తదేమీ కాదు. రాబర్ట్ హుక్ 1676లోనే దాన్ని వివరించాడు. సాలూరు లారీల కింద షాఫ్టు చివర కనిపించే 'క్రాసు' ఆ జాతిదే. దానికొక లోపం ఉంది. 30 డిగ్రీలు వంచి, ఒక వైపు నిమిషానికి 1000 చుట్లు నిలకడగా తిప్పితే, రెండో వైపు వేగం 866కి దిగి 1155కి ఎగబాకుతుంది. ఈ ఊగిసలాట ప్రతి చుట్టులోనూ రెండుసార్లు. లారీలో షాఫ్టుకు రెండు చివరలా క్రాసులు వేసి, ఒకదాని తేడాను రెండోదానితో కొట్టేస్తారు. స్టీరింగుతో పాటు కోణం మారిపోయే ముందు చక్రం దగ్గర ఆ లెక్క కుదరదు. మలుపు తిరిగినప్పుడల్లా స్టీరింగు చేతిలో అదురుతుంది.

ఫ్రాన్సులో ఒక దారి కనిపెట్టారు. నాకు మాత్రం ఫోర్డ్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ జెప్పా 1920ల చివర్లో చూపిన దారి అంటేనే ఎక్కువ ముచ్చట. లోపలొక గుండు, బయటొక గిన్నె, రెండింటికీ గాళ్లు, ఆ గాళ్లలో ఆరు ఉక్కు బాల్స్. వాటిని పట్టి ఉంచే పంజరం ఎప్పుడూ రెండు షాఫ్టుల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేసే తలంలోనే నిలుస్తుంది. ఆ తలాన్ని అద్దం అనుకుంటే ఒక షాఫ్టు రెండోదానికి ప్రతిబింబం. ప్రతి బాలూ రెండు ఇరుసులకూ సమాన దూరంలో ఉంటుంది కాబట్టి ఎంత వంచినా రెండు వైపులా ఒకటే వేగం. ఇంత సొగసైన జ్యామితి మన కాళ్ల ముందు, బురదలో తిరుగుతోందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ ఈ జాయింటును సామాన్యుల కారులోకి తెచ్చింది. మనకు అప్పట్లో వెనక చక్రాలతో నడిచే అంబాసిడర్లే అలవాటు. 1983 డిసెంబరులో ముందు చక్రాలతో నడిచే మారుతి 800 రోడ్డెక్కాక మన షెడ్లలోనూ ఈ బూట్లు మార్చే పని మొదలైంది.

చిన్న కారు చక్రం కిలోమీటరుకు దాదాపు 600 చుట్లు తిరుగుతుంది. శ్రీకాకుళం నుంచి విజయనగరం చేరేలోగా ఈ రబ్బరు మడత దగ్గర దగ్గర నలభై వేల సార్లు నలిగి సాగుతుంది. ఎండకూ నూనెకూ తట్టుకునే నియోప్రీన్ రబ్బరైనా ఏళ్లు గడిచాక మడత లోతుల్లో బీటలిస్తుంది. అది చిరిగితే తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. ఆ సందులోంచే వంశధార ఇసక, వానాకాలపు బురద లోపలికి పోతాయి. ఇసక రేణువు ఉక్కును గీరేస్తుంది. గాళ్లు గుంటలు పడ్డాక స్టీరింగు పూర్తిగా తిప్పితే టకటక. అప్పుడిక జాయింటే మార్చాలి.

సైకిల్ ట్యూబు చుట్టి తీగతో బిగించినవాళ్లను చూశాను. ఊరు చేరడానికి పనికొస్తుందేమో గాని, అప్పటికే దూరిన ఇసకను అది బయటికి తీయదు.

మేస్త్రీ హబ్బు నట్టు విప్పి, షాఫ్టు లాగి, జాయింటును ఊడదీశాడు. పాత గ్రీజంతా కడిగి, బాల్స్‌ను ఒక్కొక్కటిగా వెలుగులో తిప్పి చూశాడు. గీత లేదు. కొత్త బూటు ఎక్కించి, మాలిబ్డినం కలిసిన నల్లటి గ్రీజు గాళ్లలోకి వేలితో కూరి, లోపలి గాలి వదిలించి, రెండు క్లిప్పులూ బిగించాడు. షెడ్డు ముందు ఖాళీ స్థలంలో స్టీరింగు చివరిదాకా తిప్పి కారును గుండ్రంగా నడిపించాడు. కంకర నలిగిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

దిగి, రెండో పక్క బూటు మడతలు వేలితో విప్పాడు. వెంట్రుక వాసి పగులు.

"ఇదీ మార్చీమంటారా బాబూ?"

మార్చమన్నాను.