కొమ్ముల తల్లి, మన గొబ్బెమ్మ

ధనుర్మాసం వస్తే కామాటిపురలో మన ఆడవారికి ఒకటే బెంగ: గొబ్బెమ్మకు ఆవుపేడ ఎట్లా? గుడి ముందు ఆవును కట్టుకొని గడ్డి అమ్మే ముసలమ్మే దిక్కు. తెలంగాణ నుంచి కట్టడపు పనులకు వచ్చి ఈ పేటకు పేరిచ్చిన మన పెద్దలకు ఊళ్లో వాకిలి ఉండేది. మనకున్నది చాళ్‌లో వరండా. నలుగురూ దాటిపోయే ఆ చోటనే ముగ్గు వేసి, పసుపు, కుంకుమ, బంతిపువ్వు, రేగుపళ్లు పెట్టుకుంటాం.

మంచుదేశాలలోనూ ఇట్లాంటి తల్లి ఉన్నది. రష్యా ఉత్తరాన పల్లెపడుచులు నారబట్టమీద ఎర్రదారంతో కొమ్ములున్న స్త్రీమూర్తిని కుట్టేవారు. ఆమె కాన్పులను కాచే రొజానిత్స అని కొందరు పండితుల మాట. రొజానిత్సకు రొట్టె, జున్ను, తేనె నైవేద్యం. అది తగునా అని 12వ శతాబ్దంలో నోవ్‌గొరొద్‌లో కిరిక్ అనే సన్యాసి అడిగితే, బిషప్ నిఫాంత్ కూడదన్నాడు. ఆడవారు వింటారా! నేడు కొందరు నడిచలికాలంలో ఆ తల్లిని మళ్లీ కొలుస్తున్నారు. అర్ఖాంగెల్స్క్‌లో క్రిస్మస్‌కు లేడి ఆకారపు తీపిరొట్టెలు ఇప్పటికీ కాలుస్తారు.

మన గొబ్బెమ్మకు కొమ్ములు లేవు. కాని ఆమె పుట్టిల్లు కొమ్ముల గోమాతే గదా! కనుమనాడు ఊళ్లో రంగులు పూసేది ఆ కొమ్ములకే.

పాత చాళ్లు తీసి మేడలు కడతారంటున్నారు. లిఫ్టు ముందర పేడముద్ద పెట్టనిస్తారా అని మా అక్కయ్యల దిగులు. మొన్న సంక్రాంతికి మా వరండాలో ఆరేళ్ల పిల్ల ఒకచేత్తో ముక్కు మూసుకొని, రెండోచేత్తో గొబ్బెమ్మకు పువ్వు గుచ్చింది.