డెంగీ మ్యాపులో పొరుగెవరు?

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్ లాంటి డివిజన్లలో వారంవారం డెంగీ కేసులు లెక్కేస్తే అంకెలు చిన్నవే ఉంటాయి. రెండు కేసులు నాలుగైతే చాలు, ముప్పు రెట్టింపైనట్టు కనిపిస్తుంది. ఆ గంతుల్ని సర్దడానికి బేసియన్ మోడల్ పక్క డివిజన్ల లెక్కను కొంత అరువు తెచ్చుకుంటుంది. ఎవరికి ఎవరు పక్కో చెప్పాల్సింది మాత్రం మనమే. చిక్కంతా అక్కడే.

అపోహ: మ్యాపులో హద్దు కలిస్తే పొరుగు, లేకుంటే కాదు.

వాస్తవం: ఆ హద్దులు ఓట్ల కోసం గీసినవి. దుర్గం చెరువుకు ఇటు మాదాపూర్, అటు జూబ్లీహిల్స్. 2020 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి తెరిచేదాకా చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. మ్యాపులో గీత మాత్రం ముందూ తర్వాతా ఒక్కటే. ఏడిస్ దోమ మామూలుగా పుట్టినచోటి నుంచి కొన్ని వందల మీటర్లు దాటదు, దానికి వంతెనతో పనిలేదు. కానీ అది పగలు కుడుతుంది. మియాపూర్‌లో ఉండే ఉద్యోగిని మాదాపూర్ ఆఫీసు దగ్గర కుట్టినా, కేసు పడేది ఇంటి అడ్రసు మీదే. అలాంటప్పుడు రాకపోకలను బట్టి పొరుగును కట్టడమూ న్యాయమే. (వర్క్ ఫ్రం హోమ్ రోజుల్లో ఆ లెక్కా తారుమారే!)

అపోహ: పొరుగు అని రాశామంటే జబ్బు అక్కణ్నుంచి పాకిందనే.

వాస్తవం: కాదు. ఈ రంగంలో అందరూ పాఠంగా చదివే డేటా స్కాట్లాండ్‌లోని 56 జిల్లాల పెదవి క్యాన్సర్‌ది. క్యాన్సర్ అంటుకుంటుందా? ఎండన పడి పొలం పని, చేపల వేట చేసే జనం పక్కపక్క జిల్లాల్లో ఉంటే ముప్పూ ఒకేలా ఉంటుంది, అంతే. అక్కడ మూడు దీవి జిల్లాలకైతే హద్దు కలిసే జిల్లాయే లేదు, వాటికి పొరుగెవరో మనమే తేల్చాలి.

అపోహ: ఎంతమంది పొరుగుల్ని కలిపితే అంత గట్టి లెక్క.

వాస్తవం: 1991లో బెసాగ్, యార్క్, మొలియే ప్రతిపాదించిన మోడల్‌లో ఒక భాగం ప్రతి డివిజన్‌నూ పొరుగుల సగటు వైపు లాగుతుంది. పొరుగులు పెరిగేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. దూరపువాటినీ చేర్చేస్తే, నిజంగా కేసులు ఎగబాకుతున్న బస్తీ ఆ సగటులో కలిసిపోతుంది.

అపోహ: ఏది సరైన పొరుగో డేటానే తేలుస్తుంది.

వాస్తవం: చాలాసార్లు తేల్చదు. రెండు మూడు రకాలుగా కట్టి, ఏ డివిజన్ రంగు మారిందో చూసి, రిపోర్టులో ఆ సంగతి రాయాలి. 2020 ఎన్నికల నాటి జీహెచ్ఎంసీ 150 డివిజన్ల మ్యాపు వాడేవాళ్లు ముందు గచ్చిబౌలిని చూడటం మంచిది. పక్కనే ఉన్న మణికొండ అప్పటికి వేరే మునిసిపాలిటీ. అక్కడి కేసులు ఫైల్లో లేకపోతే, గచ్చిబౌలికి అటువైపు పొరుగే లేనట్టు మోడల్ లెక్క కట్టేస్తుంది.